మీ ప్రశ్నలు – మా జవాబులు: 73వ నంబరు చొక్కా

ప్రశ్న: మా మనవడు అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో పెరుగుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా 73 అంకె ఉన్న చొక్కానే వేసుకుంటాడు. అది జో థామస్ అనే ఫుట్‌బాల్ ఆటగాడిదట. బంతి పట్టే పనే ఆయనది కాదట, ఆయన జట్టు ఏటా ఓడిపోయేదట. ఇవి వాడు చెప్పిన మాటలే. అయినా అంతటి ఆటగాడు లేడంటాడు. ఇదెలా సాధ్యం?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ మనవడు చెప్పినవన్నీ దాదాపు నిజమేనమ్మా. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగాలి. మధ్యలో వంగి నిలుచున్న ఆటగాడు బంతిని తన కాళ్ల సందులోంచి వెనక్కి అందించడంతో ప్రతి ప్రయత్నమూ మొదలవుతుంది. దీనినే స్నాప్ అంటారు. బంతి అందుకున్న క్వార్టర్‌బ్యాక్‌కు దానిని ఎవరికి విసరాలో చూసుకోవడానికి రెండు మూడు సెకన్ల వ్యవధి కావాలి. ఆ వ్యవధిని సంపాదించి పెట్టేది అతడి ముందు వరుసగా నిలబడే ఐదుగురు భారీకాయులు: నడుమ సెంటర్, అతడికి అటూ ఇటూ గార్డులు, రెండు చివర్లలో టాకిల్‌లు. కబడ్డీలో వచ్చినవాడిని పట్టుకుంటే పాయింటు వస్తుంది. ఇక్కడ ఎదుటివాడిని పట్టుకుంటే అది తప్పు, జట్టు పది గజాలు నష్టపోతుంది. పట్టుకోకుండా, చేతులతో రొమ్ము మీద నెడుతూ, తాను వెనక్కి అడుగులేస్తూనే, మీదికి దూసుకొచ్చేవాడిని ఆపాలి.

జో థామస్ ఎడమవైపు టాకిల్. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్ బంతి విసరడానికి పక్కకు తిరిగి నిలబడినప్పుడు అతడి వీపు ఎడమవైపుకు ఉంటుంది కాబట్టి, అటునుంచి వచ్చే దెబ్బ అతడికి కనిపించదు. అందుకే ప్రత్యర్థి జట్లు తమ చురుకైన ఆటగాళ్లను తరచుగా ఆ వైపునే దించుతాయి. టాకిల్ తన పని సరిగ్గా చేస్తే అక్కడ ఏమీ జరగదు, జరగని దానికి అంకె వేయడం ఎవరికైనా కష్టమే. క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టినవాడి ఖాతాలో దానిని అధికారికంగా నమోదు చేసే పద్ధతి 1982లోనే మొదలైంది గానీ, పడనివ్వకుండా కాచినవాడికి అటువంటి ఖాతా లేదు. అయితే థామస్ విషయంలో ఒక అంకె దొరికింది: 10,363.

విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టిన థామస్ అక్కడి విశ్వవిద్యాలయంలోనే ఆడాడు. 2006 జనవరిలో మోకాలి కీలులోని స్నాయువు తెగినా, కోలుకుని అదే ఏడాది కళాశాల స్థాయిలో లైన్ ఆటగాళ్లకు ఇచ్చే ఔట్‌లాండ్ ట్రోఫీని గెలుచుకున్నాడు. 2007లో వృత్తి జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే రోజున, పేరున్న కుర్రాళ్లు కొత్త సూట్లు తొడుక్కుని న్యూయార్క్ వేదిక దగ్గర కూర్చుని ఉండగా, ఆయన తండ్రితో కలిసి మిషిగన్ సరస్సులో చేపలు పడుతున్నాడు. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు ఆయనను ఎంచుకుంది, ఆనాడు అన్ని జట్ల ఎంపికల్లోనూ అది మూడోది. ఆనాడు మొట్టమొదట ఎంపికైన క్వార్టర్‌బ్యాక్ జమార్కస్ రస్సెల్ మూడు సీజన్లకే కనుమరుగయ్యాడన్నది ఇక్కడ గుర్తు చేసుకోదగ్గ సంగతి.

ఆ సెప్టెంబరులో మొదటి స్నాప్‌కు నిలబడిన థామస్, 2017 అక్టోబరు 22న టెన్నెసీ టైటన్స్‌తో ఆటలో ఎడమ చేతి కండరం చిరిగే వరకు ఒక్క స్నాప్‌కు కూడా పక్కకు తప్పుకోలేదు. పదికి పైగా సీజన్లు, 167 ఆటలు, 10,363 స్నాప్‌లు. ఆ కాలంలో ఆరుగురు ప్రధాన శిక్షకులు మారారు, క్వార్టర్‌బ్యాక్‌లు ఇరవై మంది దాకా వచ్చి పోయారు. ఆయన వెనుక నిలబడే మనిషి మారినప్పుడల్లా బంతి పట్టుకునే తీరు, ఆగే చోటు, తొందరపాటు కూడా మారుతుంటే, వెనక్కి తిరిగి చూడకుండానే వాటికి తగ్గట్టు తన అడుగులు సర్దుకోవలసి వచ్చేది. నా దృష్టిలో ఆయన గొప్పతనం ఆ పెద్ద అంకెలో కన్నా ఈ సర్దుబాటులోనే ఎక్కువ ఉంది.

ఇక ఓటముల మాట. మొదటి సీజన్‌లో జట్టు 16 ఆటలకు 10 గెలిచింది, అయినా తుది పోటీలకు చేరలేదు. ఆ తర్వాత ఒక్క ఏడాది కూడా ఓటముల కన్నా గెలుపులు ఎక్కువ కాలేదు. 2016లో ఒకే ఒక్క గెలుపు దక్కింది, 2017లో అదీ లేదు. ఐదుగురిలో ఒక్కడు ఎంత గట్టిగా నిలిచినా మిగిలిన నాలుగు చోట్ల గండి పడవచ్చు, గండి పడకపోయినా విసిరినవాడి గురి తప్పవచ్చు. అయినా లీగ్‌లోని అత్యుత్తమ ఆటగాళ్ల తొలి జట్టులో ఆయనకు ఆరుసార్లు చోటు దక్కింది, మేటి ఆటగాళ్లతో జరిపే ప్రో బౌల్ అనే ఆటకు పదిసార్లు ఎంపికయ్యాడు. 2018లో విరమించాక, అర్హత వచ్చిన తొలి ఏడాదే, 2023లో, ఈ ఆటలో మేటివారిని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. అది క్లీవ్‌లాండ్‌కు దక్షిణాన సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, క్యాంటన్ అనే ఊళ్లో ఉంది. ఈసారి మీరు అక్కడికి వెళ్తే మనవడిని తీసుకెళ్లమనండి.

ప్రశ్న: ఈ ఆటగాళ్లు అంత బరువు పెంచుతారు కదా, ఆట మానేశాక వారి సంగతేమిటి?
– ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ఆరున్నర అడుగుల థామస్ ఆడే రోజుల్లో 140 కిలోల వరకు ఉండేవాడు. ఆ బరువు నిలుపుకోవడానికి ఆకలి లేకపోయినా తినవలసి వచ్చేదని ఆయనే చెప్పాడు. విరమించిన కొద్ది నెలల్లోనే 20 కిలోలకు పైగా తగ్గి, పాత పరిచయస్తులు గుర్తుపట్టలేనంతగా మారాడు. అందరికీ ఇది అంత తేలిక కాదు. శ్రమ ఆగిపోయి తిండి అలవాటు మాత్రం మిగిలిపోతే గుండెకూ మోకాళ్లకూ ముప్పు.

ప్రశ్న: 73 అనే అంకెకు ప్రత్యేకత ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: శుభాంకం ఏమీ కాదు. లైన్‌లో నిలిచే ఈ ఐదుగురూ 50 నుంచి 79 వరకు ఉన్న అంకెలే వేసుకోవాలి. ముందుకు విసిరిన బంతిని అందుకునే హక్కు వీరికి లేదని అంకెను బట్టే అందరికీ తెలుస్తుంది. ఎప్పుడైనా వీరిలో ఒకరిని బంతి అందుకునే స్థానంలో నిలపాలంటే, అతడు ముందుగా రిఫరీ దగ్గరకు వెళ్లి ఆ సంగతి చెప్పాలి. రిఫరీ దానిని మైకులో అందరికీ వినిపించేలా ప్రకటిస్తాడు.