ఆ మెసేజ్ ముందు తీసెయ్

తిరుపతి
ఆదివారం రాత్రి

చిన్నీ,

నీ మెసేజ్ మధ్యాహ్నం చూసుకున్నా. ఇంత సంగతి ఫోన్‌లో టైపు కొట్టడం నా వల్ల కాదు. కాగితం మీద రాసి, కవరు అంటించి, మీ తమ్ముడి చేత పంపిస్తున్నా. చదివే ముందు ఒక పని చెయ్. ఆ మెసేజ్‌లో ఆ అమ్మాయి పేరు, ఊరు, ఎన్నో నెలో అన్నీ రాశావు చూడు, అది తీసెయ్. నా ఫోన్‌లో నేను తీసేశా. మీ ఆయన చూస్తాడని కాదు నా భయం. మీవాడు ఆడుకోవడానికి ఫోన్ తీసుకుంటాడు, వాడి పక్కన ఇంకొకడు వచ్చి కూర్చుంటాడు. ఊళ్లో మాట బయటికి పొక్కేది అట్లానే.

ఇక నువ్వు అడిగిన విషయం. పలమనేరు చుట్టుపక్కల ఆడవాళ్లకి కాన్పులు, అబార్షన్లు, పిల్లలు పుట్టకుండా వాడేవి, ఇవన్నీ సర్కారు ఆసుపత్రుల్లో సరిగ్గా అందేలా కొట్లాడాలని పదిమంది కలిశారు. మంచిదే. వచ్చే నెల ర్యాలీతో మొదలుపెడతాం, బ్యానర్ మీద ఏం రాయాలో చెప్పు పెద్దమ్మా అన్నావు. బ్యానర్ సంగతి తర్వాత చూద్దాం.

మీ అమ్మమ్మ 1992లో సారా దుకాణం ముందు కూర్చున్న ఆడవాళ్లలో ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్నది మన దాకా పాకింది, మరుసటి ఏడు అక్టోబరుకల్లా సారా నిషేధం వచ్చింది. నువ్వు ఆ కథలు వినే పెరిగావు కాబట్టి పోరాటమంటే రోడ్డెక్కడమే అనుకుంటున్నావు. కానీ అప్పుడు ఏ ఆడదైనా వీధిలో నిలబడి 'నా మొగుడు తాగొచ్చి కొట్టాడు' అని అరవగలిగింది, పక్కింటామె 'నా మొగుడూ అంతే' అని గొంతు కలిపింది. 'నాకు కడుపు తీయించుకోవాలి' అని ఎవరు అరుస్తారు? నీ పనిలో ఉన్న చిక్కంతా ఇదే. నలుగురి ముందు చెప్పుకోలేని కష్టాన్ని నలుగురి సమస్యగా నిలబెట్టాలి. అదీ ఒక్క ఆడదాన్ని కూడా వీధిలోకి లాగకుండా.

ఈ ముక్క నేను దెబ్బ తిని నేర్చుకున్నా. నేను నర్సుగా సర్వీసులో ఉండగా ఒకామె, ముగ్గురు పిల్లల తల్లి, నాటు మందు తిని చావు దాకా వెళ్లొచ్చింది. నాకు కడుపు మండి, తెలిసిన విలేఖరికి చెప్పా. పేరు రాయొద్దన్నా. రాయలేదు పాపం. ఊరి పేరు రాశాడు, ముగ్గురు ఆడపిల్లలని రాశాడు, భర్త లారీ క్లీనరని రాశాడు. ఆ ఊళ్లో లారీ క్లీనర్ ఒక్కడే. వారం తిరక్కముందే ఆమెని పుట్టింట్లో దింపేసి వచ్చారు. చాన్నాళ్ల తర్వాత పలమనేరు టమాటా మండీలో ఎదురుపడింది. నన్ను గుర్తుపట్టి, కొంగు సరిచేసుకుని, పక్క సందులోకి తిరిగి వెళ్లిపోయింది. ఆ విలేఖరిని నేను తప్పుపట్టను. నోరు జారింది నాది.

అందుకని ఆడవాళ్ల జాబితా రాయొద్దు. లేనివాటి జాబితా రాయండి. ఒక నోటుబుక్ పెట్టుకుని మీ పరిధిలో ఉన్న ఆసుపత్రులన్నీ తిరగండి. లేడీ డాక్టర్ ఏ రోజుల్లో ఉంటుంది? పరీక్ష చేసే బల్లకి కర్టెన్ ఉందా, తలుపుకి లోపలి గడియ ఉందా? అంతరా ఇంజెక్షన్ స్టాకు ఉందా? పిల్లలు పుట్టకుండా మూడు నెలలకోసారి వేయించుకోవాల్సిన సూది అది, గడువుకి వచ్చినామెకి 'అయిపోయింది, వచ్చే వారం రా' అంటే ఆమె నీళ్లు పోసుకున్నాకే వస్తుంది. కాపర్‌టీ వేయడమే కాదు, తీయమంటే తీస్తున్నారా? బాత్రూంలో నీళ్లొస్తున్నాయా? నవ్వకు. ఒకచోట కాన్పుల గది పక్కనున్న బాత్రూం తలుపు విరిగిపోతే, బాలింతలు ఒకరికొకరు చీర అడ్డం పట్టుకుని వెళ్లేవాళ్లు. దానికి అర్జీ పెడితే ఎవరి పరువూ పోదు. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకుంటారు, రసీదు ఇస్తారు. ఆ రసీదులు దాచండి, మూడోసారి వెళ్లినప్పుడు మొదటి రెండూ బల్ల మీద పెట్టండి.

సమాచార హక్కు దరఖాస్తు మాత్రం మొదటి నెలలోనే పడాలి. జిల్లా వైద్యాధికారి, అదే డీఎంహెచ్‌ఓ ఆఫీసుకి పది రూపాయల ఫీజు, తెల్లకార్డు ఉన్నామె పేరు మీద పెడితే అదీ అక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అడగాల్సింది ఒకటే: జిల్లాలో ఏయే ఆసుపత్రుల్లో అబార్షన్ చేయడానికి శిక్షణ ఉన్న డాక్టర్లు ఉన్నారు, ఏ రోజుల్లో చేస్తారు? చట్టం ప్రకారం సర్కారు ఆసుపత్రికి వేరే అనుమతి అక్కర్లేదు, కానీ శిక్షణ పొందిన డాక్టర్ లేకపోతే గోడలు వైద్యం చేయవు కదా. ఆ జవాబు చేతికొచ్చాక మీకు నిజమైన పని మొదలవుతుంది. మీ వాళ్లు చిత్తూరు వెళ్లాలా, తిరుపతి మెటర్నిటీ ఆసుపత్రి దాకా రావాలా, రానూపోనూ ఎన్ని బస్సులు, ఆ రోజు కూలి ఎంత పోతుంది, ఇంట్లో ఏమని చెప్పి బయల్దేరాలి, ఇవన్నీ ఒక్కసారైనా నువ్వు స్వయంగా వెళ్లి చూడు. వైద్యం 'అందడం' అంటే ఇంటి గడప నుంచి ఆ బల్ల దాకా ఉన్న దారంతా.

చట్టం విషయంలో మీ గుంపులో ఇద్దరైనా గట్టిగా ఉండాలి. అబార్షన్ల మీద ఉన్నది 1971 నాటి చట్టం, 2021లో మార్చారు. ఇరవై వారాల లోపు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. ఇరవై నుంచి ఇరవైనాలుగు వారాల మధ్య అయితే ఇద్దరు డాక్టర్లు కావాలి, అదీ కొందరికే: అత్యాచారానికి గురైనవాళ్లు, మైనర్లు, కడుపుతో ఉండగా భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు, ఇట్లాంటివాళ్లకి. ఆపైన బిడ్డకి తీవ్రమైన లోపం ఉందంటే మెడికల్ బోర్డు చూస్తుంది. పెళ్లికానివాళ్లని ఆ ఇరవైనాలుగు వారాల వెసులుబాటు నుంచి తప్పించకూడదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మన చట్టంలో ఆడదాని ఇష్టం ఒక్కటే చాలు అని ఎక్కడా లేదు, డాక్టర్ సరేననాలి. అది నాకు నచ్చదు, కానీ లేనిదాన్ని ఉందని చెప్పి ఎవరినీ ఆసుపత్రికి పంపొద్దు. ఉన్నదేమిటంటే, పద్దెనిమిది దాటితే సంతకం ఆమెది ఒక్కటే. భర్తది అక్కర్లేదు, అత్తది అక్కర్లేదు, తండ్రిది అక్కర్లేదు.

కాగితం మీద అక్కర్లేదు. కౌంటర్ దగ్గర మాత్రం అడుగుతారు. నేను రిటైరైన ఏడాది ఒకామెని 'మీ ఆయన్ని తీసుకురా' అని రెండుసార్లు వెనక్కి పంపారు. ఆయన బెంగుళూరులో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. మూడోసారి నేను వెంట వెళ్లా, సమ్మతి పత్రం, ఫారం సి అంటారు, జిరాక్స్ తీసుకుని. స్టాఫ్ నర్సు దాన్ని చదవను కూడా చదవలేదు. 'ఇది నాకూ తెలుసక్కా. రేపు వాళ్లాయన వచ్చి నా మీద పడితే నువ్వొస్తావా?' అంది. వస్తానన్నా. నా నంబరు చీటీ మీద రాసిచ్చా, మడిచి పర్సులో పెట్టుకుంది. ఆ రోజే పని అయింది. ఆయన వచ్చిందీ లేదు, ఆ నర్సు ఫోన్ చేసిందీ లేదు. అప్పటిదాకా నేను ఆసుపత్రి వాళ్లకి చట్టం తెలియదనుకునేదాన్ని. సగం మందికి తెలియనిది చట్టం కాదు, తమ వెనక ఎవరైనా నిలబడతారన్న ధైర్యం. కాబట్టి నర్సుల మీద వీడియోలు తీసి పెట్టే తెలివితేటలు మీ గుంపులో ఎవరికైనా ఉంటే ఇప్పుడే మాన్పించు. డబ్బు గుంజేవాళ్ల మీద మాత్రం రాతపూర్వకంగానే వెళ్లండి. కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, భోజనం, ఇంటికి దింపే బండి, 2011 నుంచీ అన్నీ ఉచితమే. మగపిల్లాడు పుట్టాడని వార్డులో చెయ్యి చాచేది దానం కాదు, లంచం.

ఇంకొకటి రాయాలా వద్దా అని ఇందాకటి నుంచి పెన్ను పట్టుకుని కూర్చున్నా. రాస్తా. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏఎన్ఎంలకి, అంటే మాలాంటి పల్లె నర్సులకి, టార్గెట్లు ఉండేవి. ఏడాదికి ఇన్ని కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు అని. మార్చి వచ్చిందంటే మాకు నిద్రుండేది కాదు. బడి గదుల్లో క్యాంపు పెట్టేవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లని వరండాలో చాపల మీద వరసగా పడుకోబెట్టేవాళ్లు. నేనూ ఇంటింటికీ తిరిగి, 'ఇద్దరు చాలు కదమ్మా' అని బతిమాలి, కొందరిని భయపెట్టి కూడా, జీపెక్కించినదాన్నే. ఒకామెకి ఇరవైరెండేళ్లు. ఆపరేషనైన రెండేళ్లకి చిన్నోడు జ్వరమొచ్చి పోయాడు. మా క్వార్టర్ ముందుకొచ్చి గుమ్మంలో కూర్చుని 'మళ్లీ విప్పొచ్చా నర్సమ్మా' అని అడిగింది. విప్పినా నిలుస్తుందని నమ్మకం లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ టార్గెట్లని 1996లో ఎత్తేశారు, క్యాంపులు ఆపమని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మన రాష్ట్రంలో ఇప్పటికీ చాలామంది ఆడవాళ్లకి తెలిసిన దారి ఆపరేషన్ ఒక్కటే. అందుకే మీ దగ్గరికొచ్చిన ఏ ఆడదానికైనా 'ఇది చేయించుకో' అని చెప్పొద్దు. కడుపు ఉంచుకుంటానన్నామెకి కూడా మీరే దిక్కు. సూదుంది, ఛాయా మాత్ర ఉంది, కాపర్‌టీ ఉంది, మగవాళ్లకి కోత లేని ఆపరేషన్ ఉంది అని చెప్పి ఊరుకోండి. ఆ చివరిదాన్ని మాత్రం గట్టిగా చెప్పండి. మన తిరుపతి గంగజాతరలో అమ్మవారికి మొక్కుకుని చీర కట్టి, బొట్టు పెట్టి, జడేసుకుని వీధుల్లో తిరిగే మగవాళ్లకి, పది నిమిషాల వేసెక్టమీ అనేసరికి మగతనం గుర్తొస్తుంది!

వారాల లెక్క కూడా నేర్పు. ఆడవాళ్లు 'నెల తప్పి నెలైంది' అంటారు, అది నాలుగు వారాలనుకుంటారు. లెక్క ఆఖరిసారి బయట చేరిన మొదటి రోజు నుంచి, అంటే అప్పటికే ఎనిమిది వారాలు. తేదీ అడిగితే ఎవరూ చెప్పలేరు. గోడ మీదున్న టీటీడీ క్యాలెండర్ దగ్గరికి తీసుకెళ్లు. పాలవాడి లెక్క, గ్యాస్ మార్చిన రోజు, చీటీ కట్టిన రోజు అందులోనే ఉంటాయి. గ్యాస్‌కి ముందా తర్వాతా అని అడిగితే ఠక్కున చెప్తారు. మందుల షాపులో ఎవరితోనో తెప్పించుకుని మింగే మాత్రలతోనే ప్రమాదమంతా. మాత్రలు మంచివే, తొమ్మిది వారాల లోపు, డాక్టర్ చూసి ఇస్తే. వారాలు దాటినా, కడుపు గర్భసంచిలో కాకుండా ట్యూబులో ఉన్నా ప్రాణం మీదికొస్తుంది. గంటకి రెండు ప్యాడ్ల చొప్పున రెండు గంటలు తడిసిపోతుంటే ఇంకేమీ ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. ఏం మింగిందో డాక్టర్‌కి దాచొద్దని చెప్పు.

చందాలు ఇప్పుడే వసూలు చేయకండి. డబ్బు కలిస్తే ముందు లెక్కల గొడవ వస్తుంది. నమ్మకమైన ఆటో అబ్బాయి ఒకడు, ఆశా కార్యకర్తల్లో ఇద్దరు చాలు. అత్తగార్లని దూరం పెట్టొద్దు. ఆరు కాన్పులు ఇంట్లోనే అయినామెని కూర్చోబెట్టి ఆమె కథ అడుగు, మీటింగుకి ఆమే ఇంకో నలుగురిని తీసుకొస్తుంది. పద్దెనిమిది నిండని పిల్ల ఎవరైనా వస్తే మాత్రం నాకు చెప్పకుండా అడుగు వేయకు. పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, పోక్సో కింద డాక్టర్ పోలీసులకి చెప్పి తీరాలి. పిల్ల, ఆమె పెద్దవాళ్లు కోరితే పేరు, వివరాలు చెప్పక్కర్లేదని ఆ 2022 తీర్పులోనే ఉంది. ఈ సంగతి తెలియకే చాలామంది ఆసుపత్రి గడప తొక్కకుండా నాటువైద్యుల దగ్గరికి పోతున్నారు.

ఇక నీ మెసేజ్‌లోని అమ్మాయి. పంతొమ్మిదేళ్లన్నావు, ఆధార్‌లోనూ అంతే ఉంటే ఇంట్లోవాళ్ల సంతకం అక్కర్లేదు. రెండో నెల అని రాశావు. వినాయక చవితి నాడే బయట చేరి పూజలో కూర్చోలేదని కూడా రాశావు కదా. అట్లయితే నేటికి ఆరు వారాల పైన, టైముంది. కానీ నాన్చొద్దు. బుధవారం తొమ్మిదింటికి చిత్తూరు బస్టాండ్‌లో ఉంటా. నువ్వు వెంట రావద్దు, మీ ఊరివాళ్లు చూస్తే ఆ పిల్లని నీతో కలిపి చూస్తారు. ఆ పిల్లని ఒక్కదాన్నే బస్సెక్కించు, టిఫిన్ చేసే రమ్మను, ఆసుపత్రిలో ఎంతసేపవుతుందో చెప్పలేం. ఆధార్ మర్చిపోవద్దను. ఆకుపచ్చ చీర, చేతిలో స్టీలు క్యారియర్, అదీ నా గుర్తు. ఉంచుకుంటానని దారిలో మనసు మార్చుకుంటే అదీ సరే, ఇద్దరం భోంచేసి వెనక్కి వస్తాం.

మిగతా పేజీలు మీ వాళ్లకి చదివి వినిపించుకో. ఈ చివరి పేజీ మాత్రం చదివాక పొయ్యిలో పెట్టు.

మీ పెద్దమ్మ