హైదరాబాద్‌లో మునుపటి మజా పోయిందా?

ప్రశ్న: నేను 1989 నుంచి 1993 దాకా ఉస్మానియాలో చదువుకున్నాను. నల్లకుంటలో గది. తర్వాత ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ హనుమకొండలోనే. మొన్న నలుగురు పాత మిత్రులం కలిసి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు వెళ్లాం. సెకండ్ షో చూసి, ఇరానీ హోటల్లో కూర్చుని, ఆ రోజుల్లో లాగా అర్ధరాత్రి దాకా తిరగాలనుకున్నాం. గంటన్నరలో ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం. మేం కూర్చునే హోటల్ ఉన్నచోట సెల్‌ఫోన్ల షోరూం ఉంది. తలెత్తి చూస్తే మెట్రో పట్టాలు, వాటిమీద ఇంకో బ్రిడ్జి. ఎటు వెళ్లినా అవే మాల్స్, అవే బోర్డులు. ఒకప్పటి హుషారు, కిక్కు ఎక్కడా కనిపించలేదు. మా అబ్బాయేమో గచ్చిబౌలిలో ఫ్లాట్ కొంటున్నాడు, రిటైరయ్యాక మమ్మల్ని కూడా వచ్చేయమంటున్నాడు. హైదరాబాదే చప్పబడిపోయిందా, నాకే వయసైపోయిందా? మొహమాటం లేకుండా చెప్పండి.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ ఉత్తరం పక్కన పెట్టి వేరే ఉత్తరాలు చూద్దామన్నా చేతకాలేదు. మీరు నల్లకుంటలో ఉన్న రోజుల్లోనే నేను బాగ్‌లింగంపల్లిలో వర్కింగ్ విమెన్స్ హాస్టల్లో ఉండేదాన్ని. 1987లో మిర్యాలగూడ నుంచి వచ్చాను. ఒక దినపత్రికలో ప్రూఫ్ రీడర్ ఉద్యోగం, సాయంత్రం ఆరింటి నుంచి రాత్రి రెండింటి దాకా డ్యూటీ. మీరు తిరిగిన వీధులే నేనూ తిరిగాను. అయితే మీరు తలుచుకుంటున్న ఆ హోటల్ లాంటి దాంట్లో నేను కూర్చుంది ఒక్కసారే.

అప్పట్లో మా ఆఫీసు మలుపులో ఒక ఇరానీ హోటల్ ఉండేది. రెండు రోడ్ల వైపూ తలుపులు, పాలరాతి బల్లలు, కౌంటర్ మీద గాజు సీసాల్లో ఉస్మానియా బిస్కెట్లు. రోజూ దాని ముందు నుంచే వెళ్లేదాన్ని. ఒక పౌనా చాయ్ చెప్పి, ఇద్దరు సాసర్లలో పంచుకుని గంటసేపు మాట్లాడుకునే మగవాళ్లు కనిపించేవారు. లోపల నుంచి వచ్చే ఆ వాసన, ఆ గోల నాకు ఎంత ఇష్టంగా ఉండేదో చెప్పలేను. 1988 డిసెంబర్‌లో ఒక రాత్రి చలికి తట్టుకోలేక నేనూ, నాతో పనిచేసే ఇంకో అమ్మాయీ ధైర్యం చేసి లోపలికి వెళ్లాం. కుర్రాడు మమ్మల్ని చూడగానే ‘ఫ్యామిలీ రూం’ అని రాసి ఉన్న వైపు చెయ్యి చూపించాడు. ఆకుపచ్చ గుడ్డ కర్టెన్. ఎన్నో చేతులు పట్టుకుని పక్కకు జరపడంవల్ల దాని అంచు నల్లగా జిడ్డు పట్టి ఉంది. లోపల ఒక బల్ల, ఒక గుడ్డి బల్బు. అవతల ఎవరో షాయరీ చదువుతున్నారు, మధ్యమధ్యలో ‘వాహ్ వాహ్’ అంటున్నారు. మేం ఇవతల అయిదు నిమిషాల్లో చాయ్ తాగేసి బయటికొచ్చాం. చాయ్ మాత్రం చాలా బాగుంది.

మీ జ్ఞాపకాన్ని తక్కువ చేయడానికి ఇది రాయలేదు. అబిడ్స్‌లో ఓరియంట్ హోటల్ గురించి మా చీఫ్ సబ్ఎడిటర్ గారు కథలు కథలుగా చెప్పేవారు. ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ అక్కడ కూర్చునేవారట, చిత్రకారుడు ఎం.ఎఫ్.హుస్సేన్ వచ్చేవారట. వింటుంటే నాకు అసూయగా ఉండేది. కానీ మీరు ‘పోయింది’ అంటున్న మజాలో ఆ రోజుల్లో ఊళ్లో సగంమందికి వాటా లేదు. ఊరు బాగుందా, చెడిందా అని తూకం వేసేటప్పుడు ఆ కర్టెన్‌ను కూడా తక్కెట్లో పెట్టాలి.

ఇంకోటి కూడా. 1990 డిసెంబర్ మీకు గుర్తుండే ఉంటుంది. మీరు హాయిగా ఊరికి వెళ్లిపోయారేమో, మాకు మాత్రం కర్ఫ్యూ పాసులు ఇచ్చి డ్యూటీకి తెచ్చేవారు. పాతబస్తీ గొడవల వార్తలో చనిపోయినవాళ్ల సంఖ్యను ఒకే రాత్రి మూడుసార్లు దిద్దాను. అచ్చుతప్పు దిద్దుతున్నానా, మనుషుల్ని లెక్కపెడుతున్నానా అని చెయ్యి ఆగిపోయింది. ఆఫీసు వ్యాను ఖాళీ రోడ్ల మీద మమ్మల్ని దింపుతుంటే కిటికీలోంచి ఒక్క దీపం కనిపించేది కాదు. అర్ధరాత్రి దాకా తిరిగే ఊరు అని మనం మురిసిపోయే హైదరాబాద్ అది కూడా.

ఇక మీరు అడిగిన దానికి వస్తాను. ఏం పోయిందో నాకు బాగా తెలుసు. మలుపులో హోటల్ పోయింది. అది ఎలా పోయిందో కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను. రెండు రోడ్లకు తెరుచుకునే మూల మడిగెకే ఊళ్లో అందరికన్నా ఎక్కువ కిరాయి వస్తుంది. ఒక బల్ల దగ్గర నలుగురు గంటసేపు రెండు చాయ్‌లతో కూర్చుంటే యజమానికి మిగిలేదెంత? తండ్రి ఉన్నంతకాలం నడిపాడు. తర్వాత అన్నదమ్ములు పంచుకున్నారు. ఒకరు విదేశం వెళ్లారు, ఒకరు అమ్మేద్దామన్నారు. మా ఆఫీసు మూలలో ఇప్పుడు మందుల షాపు ఉంది. ఇరానీ చాయ్ పేరుతో కొత్త దుకాణాలు వీధికి రెండు వచ్చాయి, కాదనను. కానీ అక్కడ నిలబడి తాగి, కప్పు డబ్బాలో పడేసి కదలాలి. చాయ్ మిగిలింది, కుర్చీ పోయింది. సినిమా హాళ్ల కథా అంతే. సుదర్శన్ 70 ఎంఎం, ఓడియన్ కూల్చేశారు. సంధ్య, దేవి ఇంకా నిలబడి ఉన్నాయి, పెద్ద హీరో సినిమా విడుదలైన రోజు పొద్దున వెళ్లి చూడండి, మీరు చూసిన కాగితాలు ఎగరేసే జనమే కనబడతారు. మామూలు రోజున రాత్రి తొమ్మిదింటికి వెళ్లి, నలుగురూ యాభై దాటినవాళ్లు, హుషారు లేదంటే ఎలా?

ఆకాశం గురించి మీరు రాసింది నిజం. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా మెట్రో మొదలైంది. 2023లో ఇందిరాపార్క్ నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జి ఆ మెట్రో మీదుగా వచ్చింది. క్రాస్‌రోడ్స్‌లో నిలబడితే నాకు కూడా ఊపిరాడదు. ఈ విషయంలో మిమ్మల్ని ఓదార్చేదేం లేదు.

ఒక ఊళ్లో హుషారు ఉందో లేదో చూడటానికి నాకొక లెక్క ఉంది. జేబులో వంద రూపాయలు కూడా లేని ఇరవై ఏళ్ల పిల్లలు ఆ ఊళ్లో ఎక్కడ, ఎంతసేపు ఉండగలుగుతున్నారు? అప్పట్లో వాళ్లు ఇరానీ హోటల్లో ఉండేవారు. ఇప్పుడెక్కడున్నారో చూడాలంటే, మీరు ఆ సాయంత్రం క్రాస్‌రోడ్స్ నుంచి పది నిమిషాలు నడిచి ఉంటే సరిపోయేది.

నేను ఇప్పుడు విద్యానగర్‌లో ఉంటున్నాను. వారంలో రెండు రోజులు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ వైపు వెళ్తాను. లోపల సీట్లు పొద్దున్నే నిండిపోతాయి. బయట చెట్ల కింద, మెట్ల మీద, గోడ వారగా గ్రూప్స్‌కు చదివే పిల్లలు. బ్యాగు పెట్టి చోటు ఆపుకుంటారు. మొన్న ఒక అమ్మాయి స్కూటర్ సీటు మీద పుస్తకం తెరిచి, నిలబడే చదువుతోంది. పేజీలు ఎగిరిపోకుండా టిఫిన్ డబ్బా బరువు పెట్టింది. ‘కూర్చోవచ్చు కదమ్మా’ అంటే ‘కూర్చుంటే నిద్రొస్తది మేడం’ అంది. అచ్చంపేట నుంచి వచ్చిందట. మధ్యాహ్నం అయిదు రూపాయల భోజనం, రాత్రి హాస్టల్లో. సాయంత్రం ఆరయ్యేసరికి అశోక్‌నగర్ చాయ్ బండ్ల దగ్గర వీళ్లంతా గుమిగూడతారు. నిజాం కాలం నుంచి నిన్నటి జీవో దాకా ఒకటే వాదన. ఒకడు తేదీ తప్పు చెబితే ముగ్గురు మీద పడతారు. 2024 అక్టోబర్‌లో గ్రూప్-1 మెయిన్స్ వాయిదా వేయాలని రోడ్డెక్కింది ఈ పిల్లలే. పక్కనే ఇందిరాపార్క్ ధర్నాచౌక్. 2017లో అక్కడ ధర్నాలు ఆపేశారు, జనం కోర్టుకెక్కి 2018లో మళ్లీ తెరిపించుకున్నారు. ఇంత గోల ఉన్న ఊరిని చప్పబడింది అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. మా అపార్ట్‌మెంట్‌లో పనిచేసే ఆమె బోరబండ నుంచి వస్తుంది. ఇరవై ఏళ్లుగా హైదరాబాద్‌లోనే ఉన్నా చార్మినార్‌ను దగ్గర నుంచి చూడలేదు. పోను రాను చార్జీలు, ఒక పూట కూలి, ఎవరిస్తారు? 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక ఒక ఆదివారం అత్తగారిని వెంటబెట్టుకుని జీరో టికెట్ మీద వెళ్లొచ్చింది. లాడ్‌బజార్‌లో కొన్న ఎర్ర లక్క గాజులు మర్నాడు నాకు చూపిస్తూ, అంట్లు తోమితే పాడవుతాయని తీసి కొంగున ముడేసుకుంది. తర్వాత గోల్కొండ వెళ్లింది, బోనాలకు లాల్‌దర్వాజా వెళ్లింది. ఇప్పుడు నుమాయిష్‌లో లేడీస్ డే ఎప్పుడని నన్ను అడుగుతోంది. 1938 నుంచి జరుగుతున్న ఆ ఎగ్జిబిషన్‌కు ఆమె మొదటిసారి వెళ్లబోతోంది. ఊరు ఆమెకిప్పుడే తెరుచుకుంటోంది.

మీ వయసు గురించి అడిగారు. వయసైపోయింది, నాకూ అయిపోయింది. రాత్రి పదింటికే కళ్లు మూసుకుపోతాయి. దానికి ఊరిని తప్పుపట్టకండి.

ఫ్లాట్ విషయం మాత్రం ఆలోచించి అడుగెయ్యండి. మీరు తిరిగిన ఊరు గచ్చిబౌలికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. పద్దెనిమిదో అంతస్తులో దిగాక, కింద నడవడానికి ఫుట్‌పాత్ లేకపోతే, మాట్లాడేందుకు ఈడువాళ్లు లేకపోతే మీకు మళ్లీ ఇదే అనిపిస్తుంది. మీ అబ్బాయికి ఆఫీసు దగ్గర కావాలి, అది న్యాయమే. మీరిద్దరూ ఆ ఫ్లాట్ పక్కనే ఆరు నెలలు అద్దెకు ఉండి చూడండి. లేదా నల్లకుంట, విద్యానగర్ వైపే చిన్న ఇల్లు కిరాయికి తీసుకోండి. కూరగాయలకు నడిచి వెళ్లొచ్చు, లైబ్రరీ ఉంది, త్యాగరాయ గానసభలో సాయంత్రం ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది. అబ్బాయి ఆదివారం వస్తాడు.

ప్రశ్న: మాది నెల్లూరు. రాయదుర్గంలో ఉద్యోగం వచ్చి ఎనిమిది నెలలైంది మేడం. హాస్టల్, ఆఫీసు, హాస్టల్. వీకెండ్‌లో మాల్. అందరూ హైదరాబాద్ సూపర్ అంటారు, నాకు బోర్ కొడుతోంది. బెంగళూరుకు ట్రాన్స్‌ఫర్ అడగనా?
– ఒక పాఠకురాలు

జవాబు: అడగొద్దమ్మా, కనీసం రెండు నెలలు ఆగు. అక్కడా ఆఫీసు చుట్టూ తిరిగితే ఇదే బోరు. నువ్వు చూసింది ఊళ్లో ఒక మూల మాత్రమే.

ఈ ఆదివారం పొద్దున రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, నాంపల్లిలో దిగు. అక్కడి నుంచి అబిడ్స్‌కు నడిచి వెళ్లిపోవచ్చు. ఆదివారం షాపులు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. కూర్చుని వెతుక్కోవాలి, నిలబడి చూస్తే ఏమీ దొరకదు. అక్కడి నుంచి సుల్తాన్‌బజార్ వైపు వెళ్తే శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఉంది. 1901లో పెట్టిన లైబ్రరీ, నిజాం రాజ్యంలో తెలుగు చదువుకోవడానికి మనవాళ్లు కట్టుకున్న చోటు. కనీసం బయటి నుంచైనా చూడు. సాయంత్రాలు ఖాళీ ఉంటే లామకాన్ అనే సాంస్కృతిక వేదికకు వెళ్లు. 2010 నుంచి నడుస్తోంది. నాటకమో, పాటో, చర్చో ఉంటుంది, ఒక్కదానివే వెళ్లి సమోసా తింటూ ఎంతసేపు కూర్చున్నా లేవమనే వాళ్లుండరు. నీ వయసులో నాకు అలాంటి చోటు ఒక్కటి దొరికి ఉంటే రోజూ అక్కడే ఉండేదాన్ని.

అబిడ్స్‌కు వెళ్లేటప్పుడు గుడ్డసంచీ తీసుకెళ్లు, చిల్లర ఉంచుకో. ఎండ ముదరకముందే, పదింటికల్లా అక్కడ ఉండు. ఏం కొన్నావో నాకు రాయి.