"బాగానే ఉన్నారండీ" అనకు

చి.సౌ. అమ్మలూ,

ఫోన్‌లో పక్కనే అల్లుడుగారు ఉన్నట్టు అనిపించి అసలు సంగతులు మాట్లాడలేదు. ఆయన వినకూడని రహస్యాలేం కావుగానీ, కొన్ని మాటలు మనిషి ముందే అనుకుంటే మనసు చివుక్కుమంటుంది. అందుకే రాస్తున్నాను.

ముందు నీ అనుమానం తీరుస్తాను. వీఏ, అంటే అమెరికా మాజీ సైనికుల శాఖ, దెబ్బతిన్న మాజీ సైనికుడిని ఇంట్లో చూసుకునేవాళ్లకి నెలనెలా డబ్బిచ్చే కేర్‌గివర్ పథకం ఉంది కదా, తొంభైల్లో అమెరికా సైన్యంలో పనిచేసినవాళ్లకి అది రాదని ఎవరో చెప్పారన్నావు. ఒకప్పుడు అది నిజమే. 2010లో చట్టం వచ్చినప్పుడు 2001 సెప్టెంబరు 11 తర్వాత సేవలో దెబ్బతిన్నవాళ్లకే ఇచ్చారు. మా వాడు అఫ్గానిస్తాన్ నుంచి వచ్చినవాడు కాబట్టి మాకు ఆ ఇబ్బంది రాలేదు. 2018 మిషన్ చట్టం ఆ గీత చెరిపేసింది. వియత్నాం యుద్ధకాలం దాకా పనిచేసినవాళ్లని 2020 అక్టోబరులో చేర్చారు, మిగిలినవాళ్లందర్నీ 2022 అక్టోబరు 1 నుంచి. కాబట్టి అల్లుడుగారికి అడ్డు లేదు.

వీఏ పంపిన రేటింగ్ ఉత్తరం తీసి చూడు. సేవలో వచ్చిన దెబ్బలకీ జబ్బులకీ ఎంత శాతం వైకల్యం అని అందులో ఉంటుంది. అన్నీ కలిపి కనీసం 70 శాతం ఉండాలి. రేటింగ్ నడుముకి వచ్చి, సాయం ఇప్పుడు మతిమరుపు వల్ల కావాల్సివస్తున్నా ఫరవాలేదు, రెండూ ఒకటే జబ్బు కానక్కర్లేదు. కనీసం ఆరు నెలలపాటు మనిషి దగ్గరుండి చూసుకోవాల్సిన పరిస్థితి ఉండాలి. నువ్వు భార్యవి కాబట్టి నీ అర్హత గురించి పేచీ లేదు.

ఫారం పేరు 10-10సీజీ. అందులో నీ వివరాలూ ఆయన వివరాలూ ఉంటాయి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆయనకి తెలియకుండా నడిపే పని కాదిది. "నాకు చేతకాదని ప్రభుత్వానికి రాసిస్తావా" అంటారు. మా వాడూ అన్నాడు. ఆయన చేతకానితనం గురించి మాట్లాడకు, నీ పని గురించి చెప్పు. "పొద్దున్నుంచీ నేను చేసేదానికి ఒక పేరు, ఒక లెక్క ఉండాలి కదా" అను. అది అబద్ధం కూడా కాదు.

ఇక అసలు విషయం. ఫారం ఎవరైనా నింపుతారు. మనవాళ్లు దెబ్బతినేది ఆ తర్వాత నర్సో, సోషల్ వర్కరో ఫోన్‌లోనో వీడియోలోనో ప్రశ్నలు అడిగేటప్పుడు. పరాయివాళ్లు "ఎలా ఉన్నారు" అనగానే మన నోటికి "బాగానే ఉన్నారండీ, దేవుడి దయ" అని వచ్చేస్తుంది. వాళ్లు అదే రాసుకుంటారు. నిర్ణయం చేసే బృందం మీ ఇంటికి రాదు, ఆ రాతలూ డాక్టరు రికార్డులూ చూసి తేలుస్తుంది. నువ్వు మర్యాద కోసం అన్న ముక్క అక్కడ సాక్ష్యమవుతుంది.

వాళ్లు చూసేది రెండు దారుల్లో. మొదటిది ఒంటి పనులు: బట్టలు వేసుకోవడం, స్నానం, గడ్డం, తల దువ్వుకోవడంలాంటివి, బాత్‌రూం, తినడం, లేచి కదలడం, కృత్రిమ కాలో బ్రేసో సరిచేసుకోవడం. వీటిలో ఒక్కదానికైనా ఆ పని చేసిన ప్రతిసారీ సాయం కావాలని నియమం. "ప్రతిసారీ" అన్నది గట్టిగా చూస్తారు. "ఒక్కోసారి తనే చేసుకుంటారు" అంటే ఆ పని లెక్కలోంచి పోయినట్టే. నిజంగా చేసుకుంటే చేసుకుంటారనే చెప్పు, లేనిది కల్పించకు. కానీ నువ్వు తలుపు బయట నిలబడి, సబ్బు అందించి, పడకుండా పట్టుకుంటే దాన్ని "తనే చేసుకోవడం" అనకూడదు, తల్లీ.

రెండోది కనిపెట్టుకుని ఉండడం. పొయ్యి ఆర్పకుండా వచ్చేయడం, మందులు రెండుసార్లు మింగేయడం, రాత్రి ఉలిక్కిపడి లేచి బయటికి వెళ్లిపోవడం. రోజూ ఆయన క్షేమానికి ఒక కన్ను వేసి ఉంచాల్సివస్తే అది చాలు. అల్లుడుగారి విషయంలో నీకు గట్టి దారి ఇదే అనిపిస్తోంది, నువ్వు మాత్రం నడుము గురించే చెబుతున్నావు.

ఇవాళే ఒక నోట్‌బుక్ పెట్టు. తేదీ, వేళ, ఏం జరిగింది, నువ్వు లేకపోతే ఏమయ్యేది. తెలుగులోనే రాసుకో, పాప ఇంగ్లీషులో టైపు చేస్తుంది. వీఏ డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ అవే ముక్కలు చెప్పు. డాక్టరు రికార్డులో లేనిది నువ్వు తర్వాత ఎంత చెప్పినా నిలవదు.

నిర్ణయం చేసే బృందం రాకపోయినా, ఇల్లు చూడడానికి వీఏ తరఫున మనిషి వస్తారు. ఆ హోం విజిట్ పెళ్లిచూపులు కాదు. ఇల్లు ఊడ్చుకో, కాఫీ ఇవ్వు, తప్పులేదు. ఆయనకి ఇస్త్రీ చొక్కా తొడిగి సోఫాలో కూర్చోబెట్టి, వాకర్‌ని గదిలో దాచకు. పరీక్షలు, శిక్షణ, హోం విజిట్ అన్నీ దరఖాస్తు అందిన 90 రోజుల్లో అయిపోవాలి. మనవల్ల ఆలస్యమైతే మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి ఈ మధ్యలో ఇండియా టికెట్లు కొనకు, ఎవరి పెళ్లయినా సరే.

డబ్బు సంగతి. ఆయన ఉండే ఊరికి అమెరికా ప్రభుత్వ జీతాల పట్టికలో జీఎస్-4 అనే స్థాయి ఉద్యోగి మొదటి మెట్టు జీతం ఎంతో చూసి, నెలకి దానిలో 62.5 శాతం ఇస్తారు. ఒంటరిగా బతకలేని స్థితి అని తేలితే మొత్తం ఇస్తారు. పన్ను లేదు. పన్ను లేదని సంబరపడతాంగానీ అది జీతం కాదు కాబట్టి ముసలితనంలో వచ్చే సోషల్ సెక్యూరిటీ పింఛను లెక్కలో ఆ ఏళ్లు కలవవు. అందుకని ఆమోదం రాకముందే ఉద్యోగం మానేయకు, వచ్చాక కూడా ఆలోచించి మాను. నీకు వేరే ఆరోగ్య ఇన్సూరెన్స్ లేకపోతే చాంప్‌వీఏ అనే వీఏ ఆరోగ్య బీమా వస్తుంది. ఏడాదికి కనీసం 30 రోజులు నీ బదులు మనిషిని పెట్టే సౌకర్యం ఉంది. మనవాళ్లు సిగ్గుపడి వాడుకోరు, నువ్వు వాడుకో. సెకండరీ కేర్‌గివర్లుగా ఇద్దరిని రాయొచ్చు. వాళ్లకి డబ్బు రాదు. అయినా పాపకి 18 దాటాయి కదా, రాయించు. నీకు జ్వరమొస్తే ఎవరు?

కాదంటే ఏడవకు. ఉత్తరంలో కారణం రాస్తారు, అది చదువు. కొత్త ఆధారాలతో మళ్లీ అడగొచ్చు, పైవాళ్లని తిరిగి చూడమనొచ్చు, వీఏ అప్పీళ్ల బోర్డుకి వెళ్లొచ్చు. తిరిగి చూడమనడానికీ బోర్డుకి వెళ్లడానికీ ఏడాది గడువు. డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ, అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘాలవాళ్లు ఉచితంగా సాయం చేస్తారు. దరఖాస్తు నింపిపెడతామని ఎవరైనా ఫీజు అడిగితే దూరంగా ఉండు. ఈలోగా 70 శాతంతో పనిలేని సాధారణ కేర్‌గివర్ సేవలు ఎలాగూ ఉన్నాయి. డబ్బు ఉండదుగానీ శిక్షణ, మాట్లాడే మనుషులు దొరుకుతారు. కేర్‌గివర్ సపోర్ట్ లైన్ 855-260-3274. మీ ఊరి వీఏ ఆసుపత్రిలో ఎవరిని కలవాలో వాళ్లే చెబుతారు.

ఫారం నింపాక పంపేముందు నాకొకసారి చదివి వినిపించు. ఆదివారం మధ్యాహ్నాలు నేను ఖాళీయే.

మీ పెద్దమ్మ