రేసుకీ టూరుకీ ఒకే సైకిల్: బ్రిటన్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి

క్లబ్బు రేసులకి పనికిరావాలి, సెలవుల్లో సామాను కట్టుకుని నాలుగు రోజులు తిరగడానికీ పనికిరావాలి, అద్దె ఇంట్లో రెండు పెట్టే చోటు లేదు, ఏది కొనమంటారు అని ఉద్యోగంలో కుదురుకున్న మన పిల్లలు తరచూ అడుగుతుంటారు. ఒక్క సైకిల్‌తో కుదురుతుంది. కాకపోతే షాపులో కంటికి నచ్చే కార్బన్ రేసు సైకిల్ జోలికి వెళ్లకండి. తేలికపాటి చక్రాలు తర్వాతైనా కొనుక్కోవచ్చు, కానీ ఫ్రేముకి క్యారియర్ బిగించే బోల్టు రంధ్రాలు, లావు టైరు పట్టేంత సందు లేకపోతే ఎంత డబ్బు పెట్టినా రావు.

అందుకే ముందు ఆ రెండూ చూడండి. మడ్‌గార్డు వేశాక కూడా 32 మిల్లీమీటర్ల టైరు తగలకుండా తిరగాలి. ఇక్కడ జూలైలోనూ తుంపర పడుతుంది, మడ్‌గార్డు లేకుండా టూరుకి వెళ్లొద్దు. ఫ్రేము వెనక భాగం మరీ పొట్టిగా ఉంటే తొక్కేటప్పుడు మడమ క్యారియర్‌కి తగిలించిన సామాను సంచులకి తగులుతుంది, వీలైతే షాపులోనే సంచి తగిలించి తొక్కి చూడండి. వంపు హ్యాండిల్, డిస్క్ బ్రేకులు, అల్యూమినియమో స్టీలో ఫ్రేము ఉంటే చాలు.

గేర్ల దగ్గర మాత్రం రాజీ పడకండి. ముందు పెడళ్ల దగ్గర 50, 34 పళ్ల చక్రాలు, వెనక 11 నుంచి 34 పళ్ల దాకా చక్రాలు ఉంటే అన్నిటికంటే తేలిక గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక్క చుట్టే తిరుగుతుంది. వైట్‌హేవెన్ నుంచి సండర్లాండ్ దాకా, ఈ తీరం నుంచి ఆ తీరానికి సుమారు 140 మైళ్ల సీటూసీ దారి ఉంది, మొదటి టూరుకి నేను అందరికీ అదే చెబుతాను. అందులో సామానుతో హార్ట్‌సైడ్ అనే కొండదారి ఎక్కేటప్పుడు ఆ గేరు ఎందుకో మీకే తెలుస్తుంది.

మిగిలిన డబ్బుతో రెండో జత చక్రాలు కొనండి: రేసుకి 28 మిల్లీమీటర్ల టైర్లతో తేలికవి, టూరుకి 32 పుల్లలున్న గట్టివి. రెండు జతలకీ ఇరుసు రకం, వెనక పళ్లచక్రాలు, బ్రేకు డిస్కుల సైజు ఒకటే అయితే మార్చడం నిమిషాల పని. చదును రోడ్డు మీద మనల్ని వెనక్కి లాగేది ఎక్కువగా ఎదురుగాలే, సైకిల్ బరువు కాదు. కాబట్టి ఒక కిలో తగ్గించడానికి వందల పౌండ్లు పోసేకంటే, ఒంగి గంటలకొద్దీ హాయిగా తొక్కగలిగేలా మీ ఒంటికి సరిపడా ఫిట్టింగ్ చేయించుకోండి. గెలిచి తీరాలన్న పట్టుదల వచ్చిన రోజున రేసుకి వేరే సైకిల్ కావాల్సిందే, మొదటి ఏళ్లలో మాత్రం అవసరం లేదు.

కంపెనీలో సైకిల్ టు వర్క్ స్కీమ్ (కంపెనీ ద్వారా సైకిల్ తీసుకుని, ట్యాక్స్ పడకముందే జీతంలోంచి కొంచెం కొంచెంగా కట్టే పద్ధతి) ఉంటే వాడుకోండి, ట్యాక్స్ బాగా మిగులుతుంది. అయితే అది జీతంలో కోత, కనుక వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు జీతం తగ్గితే వీసాకి ఇబ్బంది రాదా అని ముందే హెచ్ఆర్‌ని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. స్టూడెంట్లు సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే డబ్బిచ్చే ముందు ఫ్రేము నంబరు బైక్‌రిజిస్టర్‌లో (సైకిళ్లని నమోదు చేసే వెబ్‌సైట్) చూడండి, దొంగ సైకిళ్లు చాలా తిరుగుతుంటాయి. ఇంకో మాట, మన ఊళ్లలోలాగా ఇక్కడ సందు చివర పంక్చర్ షాపు దొరకదు, టూరుకి బయల్దేరేలోపు ట్యూబు మార్చడం ఇంట్లోనే నేర్చుకోండి.