మాఘమాసంలో ఇల్లు చూసి మురిసిపోకు

అమ్మలూ,

హైదరాబాద్ ఫ్లాట్ ఖాళీ చేసి రాజమండ్రి వెళ్లిపోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. మన పిల్లల్లో మళ్లీ గోదారి ఒడ్డుకు వెళ్తానన్నదానివి నువ్వొక్కదానివే, అది తలుచుకుంటే గర్వంగా ఉంది. కానీ నువ్వు పంపిన ఇంటి ఫొటోలు చూశాక టెన్షన్ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

కాయితాల సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఇంటి మీద అప్పూ తాకట్టూ ఉన్నాయేమో చెప్పే ఈసీ తీయించు, ఇల్లు ఇదివరకు చేతులు మారిన లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించు. 2027లో పుష్కరాలు కాబట్టి ఘాట్ల చుట్టుపక్కల హడావిడి ఎక్కువ, లోపలి వీధుల్లో దూరంగా చూసుకుంటానన్నావట. ఆ దూరం అన్న మాట దగ్గరే నాకు భయం.

1986 మాఘమాసంలో మీ పెదనాన్నగారికి రాజమండ్రి ట్రాన్స్‌ఫర్ అయింది. గట్టు దగ్గరైతే పిల్లలు నీళ్లలోకి పోతారని, గోదారికి బాగా ఎడంగా ఇల్లు తీసుకున్నాం. పెరట్లో వేపచెట్టు, కొత్తగా వేసిన వెల్ల, మధ్యాహ్నమైతే పిచ్చుకల చప్పుడు తప్ప ఇంకేం లేదు. వంటింటి గోడకి నేల నుంచి జానెడు ఎత్తున, వెల్ల కింద గోధుమరంగు గీత ఒకటి కనబడుతుండేది. దారం పట్టి గీసినట్టు తిన్నగా, ఈ మూల నుంచి ఆ మూలకి. చెమ్మ కాబోలు అనుకున్నాను. వేలితో రాస్తే ఒండ్రు పొడిపొడిగా రాలింది. అయినా ఎవరినీ అడగలేదు. ఎదురింటి మామ్మగారు రోజూ అరుగు మీదే కూర్చునేవారు, ఆవిణ్ణి ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఆవిడ అరుగు ఎక్కడానికి నాలుగు మెట్లు ఎందుకున్నాయో, మా గుమ్మంలోకి వీధిలోంచి ఒక మెట్టు కిందికి ఎందుకు దిగాలో కూడా ఆలోచించలేదు.

ఆగస్టులో వరదొచ్చింది. భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకు వెళ్లింది ఆ ఏడే. ఊరు ఊరంతా గట్టు మీదే, మీ పెదనాన్నగారు కూడా అక్కడే. మనం దూరంగా ఉన్నాం కదా అని నేను నిశ్చింతగా పడుకున్నాను. గోదారి పెరిగితే ఆ నీళ్లు ఊళ్లోకి ఎగదన్నకుండా కాలవల స్లూయిజ్ గేట్లు దించేస్తారు. అప్పుడు ఊళ్లో పడ్డ వాన నీళ్లకి బయటికి దారి ఉండదు, పల్లంలో ఉన్న వీధుల్ని వెతుక్కుంటూ పోతాయి. అది నాకు తెలీదు. అర్ధరాత్రి బాత్రూమ్ తూములోంచి బుడబుడమని చప్పుడు. ఎలక అనుకున్నాను. దీపం పట్టుకుని వెళ్లేసరికి నల్లటి నీళ్లు గడప దాటుతున్నాయి.

నీకప్పుడు మూడేళ్లు. మీ తమ్ముడు పుట్టబోతున్నాడని మీ అమ్మ నిన్ను నా దగ్గర వదిలింది. చాప మీద పడుకున్నావు. ఎత్తుకుంటే నీ గౌను వీపంతా తడిసిపోయి ఉంది, నువ్వు మాత్రం కళ్లు కూడా తెరవలేదు. తెల్లారేదాకా నిన్ను భుజాన వేసుకుని మంచం మీద నిలబడ్డాను. ఈ సంగతి మీ అమ్మకి ఇవాళ్టిదాకా చెప్పలేదు. నీళ్లు తీశాక చూస్తే, గోడ మీద పాత గీతకి బెత్తెడు పైన కొత్త గీత.

నువ్వు పంపిన ఫొటోల్లో గోడలకి నడుమెత్తు దాకా కొత్త టైల్స్ ఉన్నాయి. ఎందుకు వేయించారో అడిగావా? ఫిబ్రవరిలో ఇల్లు చూసి అక్కడికక్కడే అడ్వాన్స్ ఇస్తానన్నావట, ఇంత చదువుకుని అదేం తొందరే! ఆగు. 2022 జూలై వరదప్పుడు ఈ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఎదురింటివాళ్లని అడుగు, కిరాణా కొట్టతన్ని అడుగు, బ్రోకర్‌ని అడగకు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. రెండో హెచ్చరిక ఉండి, ఊళ్లో వాన కూడా దంచుతున్న రోజు చూసుకుని వెళ్లి ఆ ఇల్లు చూడు. వీధి నుంచి గుమ్మంలోకి ఎక్కాలో దిగాలో లెక్కపెట్టు.

ఊరు మారిపోయిందని బెంగపడతావేమో. పేరే మారింది, 2015 నుంచి రాజమహేంద్రవరం. నువ్వు కిటికీలోంచి పైసలు విసిరిన పాత హేవ్‌లాక్ వంతెన మీద 1997లోనే రైళ్లు ఆపేశారు. 1900 నుంచి మోసింది పాపం. కానీ సాయంత్రం గట్టు మీద నిలబడితే ఆ ఎర్రనీరు, ఆ గాలి అవే. అక్కడికి రోజూ వెళ్లు, కాదనను. ఇల్లు మాత్రం మెరక మీద తీసుకో తల్లీ.

నా మోకాళ్లు సహకరిస్తే నేనే వచ్చి చూసేదాన్ని. నువ్వు వానలో ఆ ఇంటికి వెళ్లినప్పుడు నాకు ఫోన్ చెయ్యి. బాత్రూమ్‌లోకి వెళ్లి, ఫోన్ తూము దగ్గర కాసేపు పెట్టు. నువ్వేం మాట్లాడక్కర్లేదు, నేను వింటాను.

నీ పెద్దమ్మ