పదేళ్ల పిల్ల బాప్తిస్మం అడిగితే ఇప్పించవచ్చా?

వందనాలు సిస్టర్. మీ పాపకు పదేళ్లు, వి.బి.ఎస్. (సెలవుల్లో చర్చి పెట్టే పిల్లల బైబిల్ తరగతులు) చివరి రోజు బాప్తిస్మం కావాలని చెయ్యెత్తింది, పాస్టరుగారు వచ్చే నెల గుంపుతో పాటు ఇచ్చేద్దామంటున్నారు, మరి ఆ వయసులో తెలిసి ఒప్పుకున్నట్టేనా అని అడిగారు. ఏళ్లు లెక్కపెట్టే ముందు ఒక్క సంగతి చూడండి. "నాకిప్పుడు వద్దు" అని ఆ పిల్ల మీ ముందూ పాస్టరుగారి ముందూ అనగలదా? అనలేకపోతే, ఇప్పుడు చెప్పిన "సరే"కి బరువు లేదు.

ఇది అన్ని చర్చిల్లోనూ ఒకేలా ఉండదు. కథోలికులు, సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్ వాళ్లు పసిపిల్లలకే ఇస్తారు. బిడ్డ తన నోటితో ఒప్పుకోవడం తర్వాత కన్ఫర్మేషన్‌లో జరుగుతుంది. కథోలిక చర్చి చట్టంలో ఏడేళ్లు నిండితే బుద్ధి తెలిసిందని లెక్క. అది దాటినవాళ్లు తామే అడగాలి, నేర్చుకోవాలి. బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకోస్తు సంఘాల్లో మారుమనస్సు ముందు, నీళ్లు తర్వాత. కానీ ఎన్నేళ్లకు అన్నది బైబిల్లో లేదు కాబట్టి భారమంతా పాస్టరు మీదా తల్లిదండ్రుల మీదా పడుతుంది. మీది ఈ రెండో రకం సంఘం అనుకునే మిగతాది రాస్తున్నాను.

వి.బి.ఎస్. అయిన వెంటనే ఇవ్వొద్దు. పది రోజుల పాటలు, కథలు, బహుమతులు, పక్కన ఫ్రెండ్సందరూ చేతులెత్తడం: ఆ వేడిలో ఏ పిల్లయినా లేస్తుంది. కనీసం ఆరు నెలలు ఆగండి. ఈలోగా మీరు ఆ ఊసెత్తకండి. తనంతట తాను మళ్లీ అడుగుతుందా లేదా అన్నదే మొదటి పరీక్ష. ఆగడం మన బాప్టిస్టులకు కొత్తేమీ కాదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర, కరువు పనులు నడిచినన్నాళ్లు, వేలమంది అడుగుతున్నా బాప్తిస్మాలు ఆపాడు. కూలి కోసమో నమ్మకం కోసమో తేలదని. పనులు అయిపోయాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. పదేళ్ల పిల్లకు ఆ కూలి ఏమిటంటే కొత్త తెల్ల గౌను, కేకు, అందరి చప్పట్లు.

ఆరు నెలల తర్వాత కూడా అడిగితే పాస్టరుగారు, పాపకు చనువున్న సండే స్కూల్ టీచరు కలిసి మాట్లాడాలి. తలుపు తెరిచే ఉండాలి, మీరు మాత్రం మాట వినబడనంత దూరంలో కూర్చోవాలి. "యేసు నీ పాపాల కోసం చనిపోయాడని నమ్ముతున్నావా?" లాంటి ప్రశ్నలు దండగ. కంఠతా వాక్యాలు చెప్పే పిల్లలు దానికి తప్పు చెప్పరు. "నువ్వు తీసుకోకపోతే ఏమవుతుంది?", "ఎవరైనా బాధపడతారా?", "మీ ఫ్రెండ్ మానేస్తే నువ్వూ మానేస్తావా?" అని అడగమనండి. "నరకానికి పోతాను" అంటే అది భయం. "అమ్మ ఏడుస్తుంది" అంటే అది మీ బాప్తిస్మం, తనది కాదు. "అందరికీ రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు, నాకివ్వరు" (ప్రభు భోజనం బాప్తిస్మం అయినవాళ్లకే కదా) అన్నది చాలామంది పిల్లలు చెప్పే నిజమైన కారణం, తప్పేమీ లేదు, కానీ అదొక్కటీ చాలదు. తమ్ముడిని కొట్టి అబద్ధమాడిన సంగతో, క్షమాపణ అడిగిన సంగతో వంకరటింకర మాటల్లో తనే చెబితే అది లెక్కలోకి వస్తుంది.

ఈ మాటలు కాకముందే గౌను కుట్టించడం, చుట్టాలను పిలవడం, టిఫిన్లు చెప్పడం చేయకండి. అవన్నీ అయ్యాక పిల్ల వెనక్కి తగ్గలేదు. బాప్తిస్మం తొట్టి మెట్ల మీద నిలబడి కూడా వద్దనవచ్చని ముందే చెప్పండి. అన్నట్టు, పెద్దలకోసం నాలుగడుగులు నింపిన తొట్టి ఈ వయసు పిల్లకు గడ్డం దాకా వస్తుంది. నడుము లోతు నీళ్లున్నప్పుడే పిల్లలకు ఇచ్చి, తర్వాత మిగతాది నింపాలి. నీటి భయంతో వణికితే ఆత్మ స్పర్శ అనుకోవడం తరచూ జరిగే పొరపాటు.

ఇంట్లో నాన్న చర్చికి రాకపోతే ఆయన అంగీకారం కూడా రాతపూర్వకంగా తీసుకోండి. చట్టం దృష్టిలో 18 ఏళ్ల లోపు మైనరే. ఒడిశా 1967 చట్టంలో బలవంతపు మతమార్పిడికి ఏడాది దాకా జైలైతే, మైనరు విషయంలో అది రెండేళ్ల దాకా.

మీరు ఎస్సీ కుటుంబమైతే ఇంకో సంగతి, చర్చిలో ఎవరూ పైకి అనరు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రెండు రాష్ట్రాల్లో ఎస్సీ కోటా కింద కాక, వెనకబడిన తరగతుల్లోని బీసీ-సి కిందికి వస్తారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన పుదుచ్చేరి కేసులో ఒకావిడకు ఎస్సీ సర్టిఫికెట్ దక్కలేదు. పెద్దయ్యాక చర్చికి వెళ్లడంతో పాటు పసితనంలో జరిగిన బాప్తిస్మం కూడా అక్కడ సాక్ష్యమైంది. చదువుకూ ఉద్యోగానికీ ముడిపడిన ఈ నిర్ణయాన్ని పదేళ్ల పిల్ల తూచలేదు. రిజిస్టరులో రాయకుండా ఇచ్చేద్దామనే పాస్టర్లున్నారు. నాకది నచ్చదు. సాక్ష్యం చెప్పే రోజునే పిల్లకు దాపరికం నేర్పినట్టు.

"ఈలోగా పిల్లకేమైనా అయితే?" అని మీకు భయం ఉండవచ్చు. రక్షణ విశ్వాసంతోనే, నీళ్లతో కాదని బోధించే సంఘంలో ఆ భయానికి చోటు లేదు. తొందరపడితే వచ్చే చిక్కు వేరు. ఇరవై ఏళ్లకు "అప్పుడు నాకేం తెలియదు, మళ్లీ ఇవ్వండి" అని వస్తారు. కొన్ని సంఘాలు ఇస్తాయి, కొన్ని ససేమిరా అంటాయి. మామూలుగా పన్నెండు, పద్నాలుగు మధ్య అడిగితే నాకు అభ్యంతరం ఉండదు. పదేళ్లకే గట్టిగా తెలిసిన పిల్లలు లేరని కాదు, తక్కువ.

పాస్టరుగారితో గొడవ వద్దు. "అయ్యగారూ, ఈ గుంపులో వద్దండి, వచ్చే ఏడాది పాప తనే అడిగితే మీరు విడిగా మాట్లాడండి" అనండి చాలు. అప్పటిదాకా బాప్తిస్మ తరగతులకు ఊరికే కూర్చోబెట్టండి, పేరు మాత్రం రాయించకండి.