ఫైండర్‌లో ఉన్న చంద్రుడు ఐపీస్‌లో ఏడీ?

ప్రశ్న: కొత్త టెలిస్కోప్ కొన్నాను. ఫైండర్‌లో (పెద్ద గొట్టం మీద గురి చూసుకోడానికి ఉండే చిన్న దుర్బిణిలో) చంద్రుణ్ణి సరిగ్గా మధ్యలో పెట్టినా ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే కటకంలో) అంతా చీకటే. లోపం ఎక్కడ?

జవాబు: టెన్షన్ పడకండి. ఫైండర్, పెద్ద గొట్టం చెరో వైపు చూస్తున్నాయి, అంతే. ఈ పని నేనైతే పగలే చేసుకుంటాను. 25 మి.మీ. ఐపీస్ పెట్టి, కనీసం అర కిలోమీటరు దూరంలోని సెల్‌టవర్ కొనను మధ్యకు తెచ్చి గొట్టాన్ని బిగించండి. ఇక దాన్ని కదపొద్దు. ఫైండర్ మరల్లో ఒకటి వదులు చేస్తూ, ఇంకోటి బిగిస్తూ అదే కొనను ప్లస్ గుర్తు మీదికి తేవాలి. తర్వాత ఇంకా పెద్దదిగా చూపే 10 మి.మీ. ఐపీస్‌తో ఇంకోసారి చూసుకోండి. బొమ్మ తలకిందులుగా కనిపించడం మామూలే. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పొద్దు, కన్ను పోతుంది! రాత్రి ధ్రువనక్షత్రం మీద మళ్లీ సరిచూడండి. అది దాదాపు కదలదు కాబట్టి తీరిగ్గా సర్దుకోవచ్చు.